టంకశాల కాక చేతిరాత

అమీర్‌పేటలో మా పుట్టింటి పక్కనుండే కాక మొన్న సోమవారం పొద్దున కన్నుమూశాడు. "మీ టంకశాల కాక పోయిండమ్మా" అని వాళ్ల వీధి మనిషి వచ్చి చెప్పింది. ఆయన నాకు సొంత బాబాయి కాడు. మా బాపూ ఆయనా ఒకే ఊళ్లో మగ్గాలు వదిలి పట్నం వచ్చినవాళ్లు, అంతే. నేను ఏడ్చిన ఏడుపు చూసి చుట్టాలంతా సొంతవాడే అనుకున్నారు. అనుకోనీ!

కాక సర్కారు టంకశాలలో అచ్చులు చెక్కేవాడు. రూపాయి ఎట్లా తయారవుతుందని అడిగితే ఆయనకు మాటలు చాలవు, పిండి కావాలి. ఒకనాడు మా వంటింటి గడపలో కూర్చొని, అమ్మ కలిపిన పూరీపిండి లాక్కున్నాడు. "ముందుగాల వెండి కరగబెట్టి కడ్డీలు పోస్తరు. గా కడ్డీని రోలర్ల నడుమ గిట్ల పల్చగ తీస్తరు" అంటూ అప్పడాల కర్రతో ఒత్తాడు. గ్లాసు బోర్లించి బిళ్లలు కోశాడు. మిగిలిన పిండి ఏరి ముద్ద చేసి, "గిదంత మల్ల కొలిమికే. రవ్వ సుత పోనియ్యరు" అన్నాడు. ఆ బిళ్లలను కడిగి తెల్లబరుస్తారట. కిందొక అచ్చు, పైనొక అచ్చు పెట్టి యంత్రం ఒక్క దెబ్బ వేస్తే రెండు వైపులా ముద్ర పడుతుందట.

"మరి నువ్వేం జేస్తవ్ కాకా?" అన్నాను.

"నేను ఉల్టా రాస్త బిడ్డా. అచ్చు మీద ఉల్టా ఉంటెనే రూపాయి మీద సీదా వస్తది."

పిండంతా ఎండబెట్టాడని అమ్మ సాయంత్రం దాకా సణిగింది.

ఆడపిల్లకు చదువెందుకని బాపు భీష్మించుకున్న రోజుల్లో నాకు అక్షరాలు దిద్దించింది కూడా కాకే. పని నుంచి రాగానే కాళ్లు కడుక్కొని పలక పట్టేవాడు. నేను తొందరపడితే, "ఆగి రాయి బిడ్డా, అక్షరం ఏడికి ఉర్కదు" అనేవాడు. నా వేళ్లకు ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

పంజాగుట్టలో బందరు నుంచి వచ్చిన ఒక పంతులమ్మ తన ఇంటి వరండాలో ఆడపిల్లల బడి నడిపేది. కాక పోరు పడలేక బాపు సరేనన్నాడు. "ఆమె తీసుకుంటె పంపుత. లేకుంటె గీ ముచ్చట మల్ల ఎత్తొద్దు." పంతులమ్మ ముందు నేను తల ఎగరేసుకుంటూ నా పేరు రాశాను. ఆమె పలకను అటూ ఇటూ తిప్పి, "ఏంటండీ ఇది? ఈ పిల్లకు ఒక్క అక్షరమూ రాదే!" అంది. బాపు నా చెయ్యి పట్టుకొని వెనక్కి బయల్దేరాడు. ఇంటికి రాగానే, "అయిపాయె. రేపటి సంది మీ అమ్మకు పనిల ఆసరుండు" అన్నాడు.

పలక చూసి కాక, "మంచిగనే ఉన్నది కద!" అన్నాడు. మరుక్షణం నెత్తి కొట్టుకున్నాడు. నా పేరు మొత్తం తిరగేసి ఉంది. ఇన్నేళ్ల పనికి ఆయన చెయ్యి ఉల్టాకే అలవాటుపడింది. కళ్లు సరేసరి. ఆయన రాసినట్టే నేనూ దిద్దాను. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు, ఇంక పట్టుకునేదెవరు?

జ్వరమొచ్చినా పని మానని మనిషి మర్నాడు టంకశాలకు పోలేదు. అచ్చులు సరిచూసుకునే చేతి అద్దం జేబులో వేసుకొని, నన్ను వెంటబెట్టుకొని పంతులమ్మ దగ్గరికి వెళ్లాడు. పలక ముందు అద్దం పట్టి, "తప్పు పోరిది కాదమ్మా, నా చేతిది. జర చూడుండ్రి" అన్నాడు. అద్దంలో నా పేరు ఒక్క గుడీ, ఒక్క కొమ్మూ తప్పకుండా కనిపించింది.

పంతులమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకొని రెండుసార్లు దిద్దించింది. మూడోసారి నేనే రాశాను. అక్షరాలు వంకర పోయాయి కానీ తిరగబడలేదు. "రేపటి నుంచి పంపమనండి వాళ్ల నాన్నగారిని" అంది.

ఈరోజు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది కాక పెట్టిన భిక్ష. ఆ మాట చెప్పబోతే, "నీ మొకం, ముందు చాయ్ పోయ్" అనేవాడు. ఇప్పుడు అడ్డం పడడానికి లేడు కాబట్టి చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం మాత్రం కళ్లముందు నుంచి కదలడం లేదు. బాపు చూసేదాకా నా రాత చెరగకూడదని, పలకను రెండు చేతుల మీద వెల్లకిలా మోసుకుంటూ, ఎదురొచ్చిన ప్రతి టాంగావాడినీ "జర దూరం, భాయ్" అని బతిమాలుతూ, పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఎండలో కాక ముందు నడుస్తున్నాడు.