చర్లపల్లి షెడ్డులో ఆదాయ విచారణ

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను ఉప్పల్ తహసీల్దారు కార్యాలయానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా, అంటే ఆర్ఐగా, బదిలీ చేశారు. భూముల పనే ఎక్కువగా ఉంటుందనుకుని వెళ్లాను. అక్కడికి వెళ్లాక తెలిసింది, కాలేజీల్లో చేరే రోజుల్లో ఆర్ఐకి ధ్రువపత్రాలు తప్ప వేరే లోకం ఉండదని.

పద్ధతి ఇలా ఉండేది. విద్యార్థి మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకుంటే అది మాకు వస్తుంది. మా సహాయకుడు వాళ్ల వీధికి వెళ్లి వాకబు చేస్తాడు. దాన్ని, తండ్రి సంతకం పెట్టిన వాంగ్మూలాన్ని చూసి ఆర్ఐ నివేదిక రాస్తే తహసీల్దారు డిజిటల్ సంతకం పెడతారు. ఆ పత్రం ఉంటేనే ప్రభుత్వం కాలేజీ ఫీజు భరిస్తుంది.

నాచారం నుంచి మౌనిక అనే అమ్మాయి పెట్టిన దరఖాస్తు మీద మా సహాయకుడు తిరస్కరించవచ్చని రాసుకొచ్చాడు. తండ్రి యాదగిరికి సొంత లేత్ వర్క్‌షాపు ఉందని ఇరుగుపొరుగు చెప్పారట. తండ్రేమో ఆ పత్రం తమకు అక్కర్లేదని గుమ్మంలోనే చెప్పి పంపేశాడట. నేను అలాగే పైకి పంపి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ లోపే అమ్మాయి ఆఫీసుకు వచ్చింది.

కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. గడువులోగా పత్రం ఇవ్వకపోతే ఫీజు తనే కట్టాలి, లేదంటే సీటు వదులుకోవాలి. "మా నాన్న సంతకం పెడ్తలేడు మేడం. సర్కార్ పైసలు మనకెందుకంటడు. ఆయన కట్టలేడు, నన్ను అడగనియ్యడు. నేనేం జెయ్యాలె?" అంది.

వర్క్‌షాపు సంగతి అడిగాను. వెనక్కి తిరిగి చూసి, గొంతు తగ్గించింది. "అది మూతబడి ఏడాది దాటింది మేడం. చర్లపల్లిల వేరేటోళ్ల షెడ్డుల పని జేస్తుండు. గల్లీల ఎవ్వరికీ ఎరుక లేదు. పొద్దుగాల ఇస్త్రీ అంగీ ఏసుకొనే పోతడు."

ఇల్లు మా మండలంలోదే కాబట్టి విచారణ నాదే. ఎక్కడ చేయాలన్నది మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు. వీధిలో ఇద్దరి చేత సంతకాలు తీసుకోవడం అలవాటుగా వస్తోంది, అంతే. నేను మౌనికను షెడ్డు చిరునామా అడిగి, వీధికి వెళ్లకుండా చర్లపల్లి వెళ్లాను.

షెడ్డు యజమాని గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. వచ్చిన పని చెప్పగానే, "యాదగిరి గారు లేకపోతే నా ఆర్డర్లు ఆగిపోతాయండీ. జీతం గురించి ఏం రాసివ్వమంటే అది రాసిస్తాను" అని ఆయన్ని పిలిపించి, తాను బయటికి వెళ్లిపోయాడు.

యాదగిరి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనెవరో తెలియగానే ముఖం మాడిపోయింది. "ఇన్నేండ్లు సేటు అని పిలిచిన్రు మేడం. మీ మనిషి మా గల్లీలకొచ్చి, వీళ్లు పేదోళ్లేనా అని పక్కింట్ల అడిగిండు. ఇగ నేనేమని చెప్పాలె?"

వీధిలో ఇంకెవరినీ అడగబోమని చెప్పాను. యజమాని ఇచ్చే జీతం పత్రం, యాదగిరి వాంగ్మూలం, పాత షాపు కరెంటు మీటరు తీయించిన రసీదు ఉంటే నాకు చాలునన్నాను. ఆయన, "ఏ బ్రాంచి పెట్టింది?" అని అడిగాడు. ఈ గొడవలో ఆ మాట కూతుర్ని అడగనే లేదన్నమాట.

మెకానికల్ అని చెప్పాను.

"ఆడపిల్లకు గీ నూనె పనేంది" అన్నాడు. అన్నాడే గానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. బనీను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

వాంగ్మూలంలో వృత్తి దగ్గర ఆపాడు. "కూలి అని రాస్తరా?" మా ఆఫీసులో ఇలాంటివారికి అలాగే రాసేవాళ్లం. ఏం రాయమంటారని అడిగాను. "టర్నర్ అని రాయున్రి, లేత్ మీద పని జేసెటోన్ని. అది అబద్ధం గాదు." అలాగే రాశాను. చదివించుకుని విని సంతకం పెట్టాడు.

తహసీల్దారు సులభంగా ఒప్పుకోలేదు. సహాయకుడు ఒకటి, నేను ఒకటి రాయడమేమిటన్నారు. మీటరు రసీదు తేదీ చూపించాక, మొదటి వాకబు విన్నమాట మీద రాసిందని ఫైలులో నమోదు చేయించి సంతకం పెట్టారు. గడువుకు ముందే పత్రం మౌనిక చేతికి అందింది.

మరుసటి ఏడాది మళ్లీ పత్రం కావలసి వచ్చినప్పుడు తండ్రే కూతురి వెంట వచ్చాడు. వరుసలో నిలబడి, కావలసిన కాగితాలన్నీ అడగకముందే ఇచ్చాడు. పని మారిన సంగతి వీధిలో తానే చెప్పుకున్నానన్నాడు. "అయినా సేటనే పిలుస్తున్రు" అని మౌనిక నవ్వింది. చదువు పూర్తయ్యాక మల్లాపూర్‌లో ఒక కంపెనీలో తనిఖీ విభాగంలో చేరిందని తర్వాత తెలిసింది.

డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసేవరకు కొత్త ఆర్ఐలకు నేను ఈ కేసే చెప్పేదాన్ని. తండ్రి సహకరించడం లేదని పిల్ల వచ్చి చెప్తే ఫైలు మూసేయకూడదు. ఆ మనిషి ఎక్కడైతే నిజం చెప్పగలడో ముందు ఆరా తీసి, విచారణ అక్కడ పెట్టుకోవాలి. నిబంధన అందుకు అడ్డురాదు.