మా ఆవిడ వైద్యం, నా కుళ్లు

ధర్మవరంలో నలభై ఏళ్లు పట్టుచీరల వ్యాపారం చేసి, కొట్టు కొడుక్కి అప్పగించాక నాకు మిగిలిన పని మా ఆవిడ ఒక్కతే. ఆవిడకు అరవై ఆరు, నాకు డెబ్బై ఒకటి. నేను మొదటి నుంచీ బక్కపలచని మనిషిని. ఆవిడ మూడు కాన్పుల తర్వాత లావవుతూ వచ్చింది. అరవై దాటాక మోకాళ్లు పట్టేశాయి. చక్కెర జబ్బు, రక్తపోటు రెండూ వచ్చాయి.

పొద్దున మంచం మీద నుంచి లేపేది నేను. మోకాళ్లకు నూనె మర్దన చేసేది నేను. స్నానాల గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఆవిడను కూర్చోబెట్టి, వీపు రుద్ది నీళ్లు పోసేదీ నేనే. కొడుకూ కోడలూ పైన మేడ మీదే ఉంటారు. అయినా కోడలిని పిలవనిచ్చేవాణ్ని కాదు. కొట్లో కూర్చున్నన్నాళ్లు ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆవిడకు నేను లేకపోతే గడవదు. ఆ సంగతి నాకు ఎంత తృప్తిగా ఉండేదో అప్పట్లో నాకే తెలియదు.

డాక్టర్ల దగ్గరికి వెళ్లడమంటే ఆవిడకు మహా కష్టం. ఎవరి దగ్గరికి పోయినా ముందు తూకం యంత్రం ఎక్కమనేవారు. అందరి ముందూ అంకె చదివేవారు. ఒకాయన మోకాలు ముట్టుకోకుండానే, "ఇంత ఒళ్లు పెట్టుకుంటే మోకాళ్లు నొయ్యక ఏం చేస్తాయమ్మా. తిండి తగ్గించు, పో" అన్నాడు. ఆవిడ ఆ వారమంతా రెండు పూటలా పస్తుండి, దేవుడి గదిలో కళ్లు తిరిగి గోడకు చేరగిలబడింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ డాక్టరు దగ్గరికీ రానంది. నేనూ బలవంతం చేయలేదు.

అనంతపురంలో పెద్ద వయసు వాళ్లను ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఉందని కోడలే కనుక్కొచ్చింది. బస్సులో వెళ్లాం. బస్సు మొదటి మెట్టు ఆవిడకు అందలేదు. కండక్టరు పైనుంచి చేయి పట్టి లాగాడు, నేను కింద నుంచి నెట్టాను. వెనక సీట్లో కుర్రాళ్లు నవ్వారు. బత్తలపల్లె దాటేదాకా ఆవిడ కిటికీలో నుంచి ఎండిన చెనక్కాయ చేలు చూస్తూ కూర్చుంది.

ఆ ఆస్పత్రిలో కుర్చీలు వెడల్పుగా ఉన్నాయి. చేతులు ఆనించే కమ్మీలు లేవు కాబట్టి ఆవిడ ఇరుక్కోకుండా కూర్చోగలిగింది. రక్తపోటు చూడడానికి చేతికి చుట్టే పట్టీ పెద్దది తెప్పించారు. చిన్న పట్టీ చుడితే లేని పోటు ఉన్నట్టు చూపిస్తుందట. ఇన్నేళ్లూ మాకెవరూ ఆ సంగతి చెప్పలేదు. డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. మోకాళ్లు చేత్తో పట్టుకుని వంచి చూసింది. గోడ పక్క నుంచి నడిపించి చూసింది. విడిగా ఒక గదిలో తూకం వేయించి, అంకె కాగితం మీద రాసుకుందే గాని పైకి చదవలేదు. ఆ తర్వాత అడిగింది.

"అమ్మా, వైద్యం మొదలుపెడదాం. ఆర్నెల్ల తర్వాత నీకు ఏం చేసుకోగలిగితే బాగుంటుంది? ఒక్కటి చెప్పు."

దేవుడి కొండ నడిచి ఎక్కాలంటుందనుకున్నాను. మనవరాలి పెళ్లి చూడాలంటుందనుకున్నాను. ఆవిడ తల వంచుకుని చీర కొంగు మడత పెట్టింది.

"నా అంతట నేను స్నానం చేయాలమ్మా. తలుపు ఏసుకొని."

డాక్టరమ్మ అది రాసుకుంది. నా వైపు చూడలేదు. నా చెవులు మాత్రం వేడెక్కిపోయాయి. నాలుగేళ్లుగా నీళ్లు పోస్తున్నాను. ఒక్కరోజు కూడా ఆ మాట నాతో అనలేదు. ఎవరో తెలియని మనిషి అడిగీ అడగ్గానే చెప్పేసింది.

డాక్టరమ్మ చెప్పినదంతా నేనే కాగితం మీద రాసుకున్నాను. ఈ వయసులో బరువు దించడం కన్నా కాళ్లకు బలం తేవడం ముఖ్యం. పస్తులుంటే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, అప్పుడు పడిపోతారు. అన్నం తగ్గించి పప్పు, పెరుగు, ఉడకబెట్టిన శనగలు, పెసలు పెంచాలి. తీపి మానాలి. వారానికి రెండు రోజులు అదే ఆస్పత్రి కింది హాల్లో కసరత్తు. నిదానంగా తగ్గినంత తగ్గుతుంది, తగ్గలేదని దిగులు పడొద్దు.

కసరత్తు చేయించేది ముప్పై ఐదేళ్ల మనిషి. పచ్చ చొక్కా వేసుకునేవాడు. ఎప్పుడూ నవ్వుమొహం. అక్కడికొచ్చే ఆరేడుగురూ మా ఆవిడలాగే లావుగా ఉన్న పెద్దవాళ్లు. వాళ్లలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ మా ఆవిడ పక్కన చేరింది. మొదటి రోజు కుర్చీలో నుంచి చేతుల ఊతం లేకుండా లేవమన్నాడు ఆ పచ్చ చొక్కా. మా ఆవిడ సగం లేచి మళ్లీ కూలబడింది. నేను గబగబా దగ్గరికి పోయాను.

"పెద్దాయనా, నువ్వు ఆడ్నే కూర్చో. అమ్మ లేస్తాది" అన్నాడు.

ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచాడు. పట్టుకోలేదు, చాచి ఉంచాడంతే. "ముందుకు వంగమ్మా. పాదాల మీద బరువెయ్యి. ఆ, లే." ఆవిడ లేచింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. మా ఆవిడ వాడి మొహం చూసి నవ్విన నవ్వు నేను చూసి ముప్పై ఏళ్లయింది. నేను గోడ వారగా కూర్చుని చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాను.

నాకు సిగ్గేసింది. నా కొడుకు కంటే చిన్నవాడి మీద కుళ్లు. అది ఒక్కడితో ఆగలేదు. డాక్టరమ్మ మీద కూడా. టీచరమ్మ మీద ఇంకా ఎక్కువ. సాయంత్రాలు ఇద్దరూ ఫోన్లో గంట మాట్లాడుకునేవాళ్లు. నేను లోపలికొస్తే మా ఆవిడ గొంతు తగ్గించేది. "ఏందే అన్ని మాటలు?" అంటే, "ఏం లేదు, మోకాళ్ల గురించి" అనేది. మోకాళ్ల గురించి అంత నవ్వు ఎందుకొస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

మూడో నెలలో ఒకనాటి పొద్దున నేను నూనె గిన్నె పట్టుకుని వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. స్నానాల గది తలుపు వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు. గోడకు కమ్మీ బిగించమని డాక్టరమ్మ చెబితే కొడుకు బిగించాడు, దాన్ని పట్టుకుని లేచి ఉంటుంది. "జాగ్రత్త" అన్నాను. "ఊఁ" అంది లోపల నుంచి. నేను నూనె గిన్నెతో తలుపు బయట నిలబడ్డాను. సంతోషించాల్సిన రోజు అది. నాకు మాత్రం ఎవరో నా పీట లాగేసినట్టు అయింది.

ఆ వారంలోనే జిలేబి మొదలుపెట్టాను.

అనుకుని చేశానని చెప్పలేను. బస్టాండు దగ్గర వేడి వేడిగా వేస్తున్నారు, ఆవిడకు ప్రాణం అది. పొట్లం కట్టించుకుని తెచ్చాను. "ఒకటి తింటే ఏం కాదులే" అన్నాను. ఆవిడ వద్దంది. "ఆ డాక్టరమ్మ మాటకుండే విలువ నా మాటకు లేదా?" అన్నాను. ఆవిడ నా మొహం వైపు ఒకసారి చూసి, తీసుకుని తింది. మర్నాడూ తెచ్చాను. కసరత్తు లేని రోజుల్లో మొదలై, ఉన్న రోజుల్లో కూడా వచ్చింది. జిలేబి కాకపోతే మైసూరుపాకు. వేళ్లకంటిన పాకం ఆవిడ నాకుతుంటే, అప్పుడు మాత్రం మళ్లీ మేమిద్దరమే ఉన్నట్టుండేది నాకు.

తర్వాతి పరీక్షలో చక్కెర బాగా పెరిగింది. డాక్టరమ్మకు అంతుపట్టలేదు. "కసరత్తు బాగా చేస్తోంది. తిండిలో ఏమైనా తేడా ఉందా?" అంది. మా ఆవిడ లేదంది. నేను నోరెత్తలేదు. డాక్టరమ్మ చక్కెర మాత్ర మోతాదు పెంచి రాసింది. పెంచిన మాత్రలు కొన్నది నేను. ఇంటికొచ్చాక పొట్లం తేవడం మాత్రం మానలేదు.

పది రోజుల తర్వాత కుందుర్పిలో మా బంధువొకాయన పోతే కర్మకు వెళ్లాను. నాలుగు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. ఇంట్లో పొట్లం లేదు. ఆవిడ డాక్టరమ్మ చెప్పినట్టే శనగలు, పెరుగు, చారెడు అన్నం తింది. పెంచిన మాత్ర మాత్రం వేసుకుంటూనే ఉంది. నాలుగో రోజు కోడలితో కలిసి కసరత్తుకు వెళ్లింది. నాలుగోసారి కుర్చీలో నుంచి లేస్తుండగా ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, పక్కకు ఒరిగిపోయింది. కోడలు ఫోన్ చేసింది.

"మామా, అత్తకు చక్కెర పడిపోయినాది. ఇప్పుడు బాగనే ఉండాది, చక్కెర నీళ్లు తాపినారు. నువ్వు గాబరా పడొద్దు."

కుందుర్పి నుంచి అనంతపురం దాకా బస్సులో ఎట్లా కూర్చున్నానో నాకు గుర్తు లేదు. ఆవిడ ఎందుకు పడిపోయిందో ఆ బస్సులో ఉన్నవాళ్లందరిలో నాకొక్కడికే తెలుసు.

నేను వెళ్లేసరికి ఆవిడ ఆస్పత్రి మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఒక పక్క టీచరమ్మ, మరో పక్క పచ్చ చొక్కా. నిలబెట్టి పట్టుకున్నది అతనేనట, నేల మీద పడనివ్వలేదట. డాక్టరమ్మ కాగితాలు ముందేసుకుని ఉంది.

"నాకు ఈ లెక్క కుదరడం లేదమ్మా. మొన్న చక్కెర అంత ఎక్కువుంది. ఇప్పుడు ఇంత తక్కువకు పడింది. మధ్యలో ఏం మారింది? నాకు నిజం చెప్తేనే మాత్ర సరిగ్గా రాయగలను."

మా ఆవిడ నా వైపు చూడకుండా అంది. "నేనే తిన్నానమ్మా. అప్పుడు తీపి తింటా ఉంటి. ఈ నాలుగు దినాలు తినలే."

ఆ మాటతో ఊరుకుంటే అయిపోయేది. డాక్టరమ్మ ఆవిడను నాలుగు మాటలు అని వదిలేసేది. అంతకుముందు డాక్టర్లందరూ అన్నట్టే. అది ఆలోచించే నేను నోరు తెరిచానేమో.

"తెచ్చింది నేను. వద్దన్నా తినిపిస్తి. దినామూ."

"ఎందుకప్పా?" అంది టీచరమ్మ.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. మాత్ర మళ్లీ తగ్గించి రాసింది. చక్కెర పడిపోయే ముందు ఒంట్లో ఏమేమి తెలుస్తుందో నాకు రెండుసార్లు చెప్పి, నా చేత తిరిగి చెప్పించింది. తర్వాత, "మీరు ఆమెను చూసుకున్నన్నాళ్లు మిమ్మల్ని ఎవరైనా చూశారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరి ముందూ అట్లా అయినందుకు మళ్లీ కోపం వచ్చింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం శనగలు ఏరుకుంటూ తనే మొదలుపెట్టింది.

"మీరు ఎందుకు తెస్తాండారో నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు తింటివి?"

"తినకపోతే ఆ పూటంతా మీ మొగం చూడలేకపోతాంటి."

అన్నాళ్లూ నా గొంతులో ఉన్నది అడిగాను. "నేను నీళ్లు పోస్తే నీకేం కష్టమయ్యేది?"

"కష్టం గాదు. సిగ్గు."

"నా దగ్గరేం సిగ్గే?"

"మీ దగ్గరే. ఇట్లయిపోయిన ఒళ్లు మీరు దినామూ చూస్తాంటిరి. ఇంకెవరన్నా చూసింటే అంత ఉండేది కాదు."

నాలుగేళ్లు ఆ వీపు రుద్దాను. ఆ మాట నాకు ఒక్కనాడూ తట్టలేదు.

తర్వాత కసరత్తుకు మళ్లీ నేనే తోడు వెళ్లాను. గోడ వారగా కూర్చుంటే పచ్చ చొక్కా వచ్చి, "పెద్దాయనా, ఊరికే కూర్చునే బదులు నువ్వూ ఒక తూరి లెయ్యి" అని కుర్చీ వేశాడు. బక్కవాణ్ని, నాకేమిటి అనుకున్నాను. ఆరోసారికే తొడలు వణికి కూర్చుండిపోయాను. మా ఆవిడ పక్క కుర్చీలో నుంచి తొమ్మిదిసార్లు లేచింది. "మెల్లగా లేయండి, పాదాల మీద బరువేయండి" అని నాకు చెప్పింది. సన్నగా ఉన్నంత మాత్రాన కండ ఉన్నట్టు కాదని డాక్టరమ్మ అంది. అప్పటి నుంచి నా పేరు కూడా ఆ రిజిస్టర్లో ఎక్కింది.

ఏడాది దాటింది. ఆవిడ చూడ్డానికి ఇప్పటికీ లావే. బరువు కొద్దిగానే తగ్గింది. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు, ఎక్కువ దూరమైతే చేతికర్ర తీసుకుంటుంది. చక్కెర మాత్ర ఒకటే మిగిలింది. బస్సు మెట్టు తనే ఎక్కుతుంది.

నా కుళ్లు మటుకు పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోయిన నెల టీచరమ్మ వాళ్ల ఇంట్లో పెళ్లికి వజ్రకరూరు వెళ్లింది మా ఆవిడ, నేను లేకుండా, రెండు రోజులకు. కసరత్తు వాళ్లందరూ వస్తున్నారని చెప్పింది. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తానని అడగలేదు. మాత్రల డబ్బా, చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి బెల్లం ముక్క సంచిలో పెట్టి బస్టాండు దాకా దిగబెట్టి వచ్చాను.

తిరిగొచ్చాక మంచం అంచున కూర్చుని పెళ్లి కబుర్లన్నీ చెప్పింది. వంటలు బాగున్నాయట. తను అక్షింతలు వేయడానికి మండపం మెట్లు ఎక్కిందట. నేను అంతా విని, చివరికి ఆగలేక అడిగాను.

"బస్సులో నీ పక్కన ఎవరు కూర్చున్యారు?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వుతూ లేచి, జవాబు చెప్పకుండానే స్నానానికి వెళ్లింది.