దీవిలో మా ముగ్గురి హనీమూన్

హనీమూన్ అనే మాటను మా ఇంట్లోకి తెచ్చింది మా ఆయన. గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో గుమాస్తాగా పనిచేసేవారు. అక్కడెవరో పారేసిన ఇంగ్లీషు పత్రికలో ఏవో దీవులు, కొబ్బరిచెట్లు, వాటి కింద చేతులు పట్టుకొని నడిచే కొత్త దంపతుల బొమ్మలు చూశారట. పెళ్ళయిన నెలకు ఒక సాయంత్రం, "దీవి మనకీ ఉండాది గదా, శ్రీహరికోట. పోదామా?" అన్నారు. అప్పటికి అక్కడ రాకెట్లు లేవు. అడవి, సరుగుడు తోపులు, మద్రాసుకు కట్టెలు మోసే పడవలు, అంతే. అటవీశాఖలో పనిచేసే దూరపు బంధువొకాయన అక్కడి బంగళా ఇప్పిస్తానన్నాడు.

నాకు కొబ్బరిచెట్ల మీద మోజేమీ లేదు. మా ఆయనతో ఒంటరిగా ఒక్క పూట మాట్లాడాలి, అదీ నా మోజు. మనుబోలులో మా ఇంటికి రెండు గదులు. మధ్య గోడ పైకప్పు దాకా పోలేదు. ఇవతల నేను గుసగుసగా ఏదైనా అంటే అవతల మా అత్త దగ్గేది. ఆ దగ్గు వినగానే మా ఆయన దుప్పటి ముసుగేసుకునేవారు.

మాట్లాడవలసిన సంగతి చిన్నది కాదు. పెళ్ళికి ముందు నేను నెల్లూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. వేసవి సెలవులు అయ్యేలోగా మళ్ళీ వస్తావో రావో చెప్పమని పెద్ద పంతులమ్మ అడిగింది. రాకపోతే నా తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ తరగతిని వదులుకోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. మా ఆయన నోటి నుంచి ఔనో కాదో వినకుండా ఆ దీవి నుంచి తిరిగి రాకూడదని కూడా అనుకున్నాను.

బయలుదేరే రోజు చూస్తే మా అత్త మూట కూడా గడప దగ్గరుంది. చింతపండు, మిరపకాయలు, మట్టిచట్టి.

"అమ్మా, నువ్వెందుకు?" అన్నారు మా ఆయన.

"కొత్త పెళ్ళికూతుర్ని అడివిలోకి తీసకపోతా, ఎందుకని అడగతావా అబ్బయా? కూడెవరు వండతారు, జింకలా?"

ఎందుకు వస్తున్నదో నాతో ఒక్క మాట కూడా అనలేదు. అది ఆమె పద్ధతి. నాతో చెప్పవలసిందేదైనా కొడుకుతో చెప్పేది, లేదా దేవుడితో చెప్పేది.

సూళ్ళూరుపేటలో రైలు దిగి పడవెక్కాము. వేసవి కదా, పులికాటు సరస్సులో నీళ్ళు మోకాలు దాటలేదు. సగం దూరం పోయాక పడవ బురదలో కూర్చుంది. పడవవాడు దిగమన్నాడు. హనీమూన్‌కు వచ్చిన మేము చీరలూ పంచెలూ ఎగ్గట్టి, నెత్తిన మూటలతో, పడవను తోసుకుంటూ దీవికి చేరాము. మట్టిచట్టిని మాత్రం మా అత్త ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చేపలు తోముతూ కొడుకుతో, "పో అబ్బయా, ఆ పిల్లకి సముద్రం చూపించుకోని రా" అంది. ఇసుకలో నడిచాము. చుట్టుపక్కల నరమానవుడు లేడు. ఆయన గవ్వలేరుతున్నారు. నేను నేరుగా అడిగాను.

"బడి తెరిస్తే నేను పోవాలనుకుంటున్నాను. మీరేమంటారు?"

"నాకేం అడ్డం లేదు. అమ్మనొక మాట అడగాల."

"అయితే అడగండి."

"సమయం చూసి అడగతాలే. ఇదిగో, ఈ గవ్వ చూడు, ఎంత బాగుండాదో."

ఒళ్ళు మండింది. ఆ గవ్వను తీసుకొని సముద్రంలోకి విసిరేశాను. ఆయన నొచ్చుకున్నారు. ఆయన మంచితనమంతా అలాంటిదే, ఎవరికీ అడ్డం రాదు, ఎవరికీ అక్కరకూ రాదు. బంగళాకు తిరిగి వస్తుంటే ఏడుపు వచ్చింది. అయినా ఊరుకోకూడదనుకున్నాను.

పొద్దుగూకాక, అన్నానికి ముందు, కుటుంబ ప్రార్థన. మా క్రైస్తవుల ఇళ్ళలో అది తప్పదు, దీవిలో ఉన్నా సరే. మోకాళ్ళ మీద కూర్చొని వరసగా ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చేస్తారు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు కళ్ళు తెరవకూడదు, నోరెత్తకూడదు. చివర అందరూ ఆమేన్ అనాలి. మా అత్త ఈ కట్టుబాటును బాగా వాడుకునేది. "ప్రభువా, ఈ బిడ్డకి ఉప్పు చెయ్యి తగ్గించు" అని వేడుకున్న రోజులున్నాయి. నేను బుద్ధిగా ఆమేన్ అనేదాన్ని.

ఆ సాయంత్రం ఆమె వంతు ముందు వచ్చింది. "తండ్రీ, ఉద్యోగం ఉద్యోగం అని కొట్టకలాడే మనసుని ఈ బిడ్డలో నించి తీసెయ్యి. ఇంటిపట్టున ఉండే బుద్ధి ఇయ్యి" అంది. మనుబోలు ఇంట్లో గోడ అవతల నుంచి అన్నీ వినే ఉంటుంది. మా ఆయన ఆమేన్ అన్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి నేను అనలేదు.

తరువాత నా వంతు. "తండ్రీ, నా మనసు నీకు తెలుసు. నేను బడికి పోతాను. ఇంటిపని ఎగ్గొట్టను. నా భర్త మనసులో ఏముందో అదీ నీకు తెలుసు. సమయం చూడకుండా, ఈ పూటే, ఆయన దాన్ని నీకు చెప్పేటట్టు చెయ్యి. ఆమేన్."

ఇక మా ఆయన తప్పించుకోవడానికి లేదు. దేవుడికి "సమయం చూసి చెప్తాలే" అనలేరు కదా! చేతనైనంత దూరం తిరిగారు పాపం. పడవవాడికి, చేపలకు, బంధువుకు కృతజ్ఞతలు చెప్పారు. వానలు కురవాలన్నారు. దేశాన్ని ఏలే పెద్దలకు ఆరోగ్యం ఇవ్వమన్నారు. ఆ తరువాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. సముద్రపు హోరు వినిపిస్తున్నది.

"తండ్రీ, మా నాయన పోయినాక మా అమ్మ ఇండ్లల్లో వడ్లు దంచి నన్ను సాకింది. ఆమెకి ఎదురు చెప్పినోణ్ణి కాదు. ఇది ఎదురు చెప్పడం అనుకోబాక. నా భార్య బడికి పోతాది. నేను పంపిస్తా. ఆమె నెల్లూరు బండికి, నేను గూడూరు బండికి. మా అమ్మ మనసు నొచ్చుకోకుండా నువ్వే చూడు. ఆమేన్."

నేను ఆమేన్ అన్నాను. ఇంకొక ఆమేన్ రాలేదు. కట్టుబాటు తప్పి కన్ను తెరిచాను. మా అత్త అప్పటికే కళ్ళు తెరిచి కొడుకు వైపు చూస్తున్నది. ఆయన మాత్రం కళ్ళు బిగించుకొని, చెంపల మీద నీళ్ళతో, అలాగే మోకాళ్ళ మీద ఉన్నారు. ఎంతసేపటికో, పెదవులు కదిపీ కదపకుండా ఆమె ఆమేన్ అంది. లేచి చేపల పులుసు వడ్డించింది. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది పెళ్ళినాడు కాదు, ఆ పులుసన్నం దగ్గర.

తిరుగు ప్రయాణంలో పడవ మళ్ళీ బురదలో కూర్చుంది. మళ్ళీ దిగాము. ఆయన పడవవాడితో కలిసి ముందు తోస్తున్నారు. వెనక మా అత్త కాలు జారి నా భుజం పట్టుకుంది. నిలదొక్కుకున్నాక కూడా చెయ్యి తియ్యలేదు. కొంతదూరం అలాగే నడిచి, ఆగి, నా మొహంలోకి చూసింది.

"బడి గంట ఎప్పుడు కొడతారు అమ్మే?"

"పదింటికి అత్తా."

"అయితే తెల్లారకముందే పొయ్యి రాజెయ్యాల. నీకు గూడా క్యారియర్ కట్టాల గదా. ఉప్పు నేనే ఏస్తాలే."

మధ్యలో కొడుకూ లేడు, దేవుడూ లేడు. నాతో, నా మొహం చూసి, ఆమె అన్న మొదటి మాట అది. నేను ఆమేన్ అన్నాను.