గోడకు ఒక్కటే గ్రాఫు

మొన్న మా మేనకోడలు కొత్తగా చేరిన తోటి ఉద్యోగి ప్రోగ్రాములు దాచుకునే రిపాజిటరీని తన లాప్‌టాప్‌లో జత చేసుకుంది, మరుక్షణం ఫోను తెరిస్తే అక్కడా ఆ పేరు వచ్చి కూర్చుంది. పిల్ల దాన్ని పట్టించుకోనేలేదు గానీ, నేను మాత్రం పొయ్యి మీది పప్పు సంగతి మరిచి చూస్తూ నిలబడిపోయాను, ఎందుకంటే ఆపాటి సదుపాయం లేకనే రెండువేల ఎనిమిది ప్రాంతంలో గద్వాలలో మగ్గం నేసే మా పెదనాన్న ముందు నేను తల దించుకోవలసి వచ్చింది.

అప్పట్లో నేను అక్కడ ఒక సెంటరులో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. వనపర్తిలో బావ, నాగర్‌కర్నూల్‌లో చెల్లెలు, నేను కలిసి చీర అంచులకు గ్రాఫు, అంటే గళ్ల మీద నేత నమూనా, గీసే ప్రోగ్రాము ఒకటి రాస్తుండేవాళ్లం. నెట్టు కనెక్షను దొరికిన రోజు పండగే, దొరకని రోజు బిజినేపల్లి మీదుగా పోయే బస్సులో ఎవరో ఒకరి చేతికి పెన్‌డ్రైవు ఇచ్చి పంపుకోవడమే, మన ఈడువాళ్లకు ఆ ఓపిక గురించి వేరే చెప్పక్కర్లేదు. ప్రోగ్రామూ, దానికి చేసిన మార్పులన్నీ దాచుకునే రిపాజిటరీ ఎవరి కంప్యూటర్లో వాళ్లకుండేది. మిగతా ఇద్దరివీ ఎక్కడున్నాయో పట్టీ రాసిపెట్టుకుని, అక్కడినుంచి కొత్త మార్పులు తెచ్చుకునేవాళ్లం. చిక్కల్లా నాతోనే. తీరిగ్గా ఉన్నప్పుడు బొత్తాలు నొక్కే రంగుల తెరలో, తొందరలో ఉన్నప్పుడు ఆదేశాలు టైపు చేసే నల్లతెరలో పనిచేసేదాన్ని, ఆ రెండూ దేని పట్టీ అది విడిగా దాచుకునేవి.

బావ తన రిపాజిటరీని కొత్త చోటికి మార్చి ఫోను చేసి చెప్పాడు. నేను రంగుల తెరలో దిద్దుకున్నాను, నల్లతెర సంగతి గుర్తే లేదు. వారం తిరిగాక తొందరలో నల్లతెర తెరిచి పాత చోటినుంచే తెచ్చేసుకున్నాను. పాత నకలు ఇంకా అక్కడే ఉంది కాబట్టి అదీ కిక్కురుమనలేదు.

ఊళ్లో నేతవాళ్లంతా కంప్యూటరు గ్రాఫంటే నవ్వుతున్న రోజుల్లో మగ్గం మాకిచ్చినవాడు పెదనాన్న ఒక్కడే. ఆయన కాదంటే రెండేళ్ల మా పని మూలన పడినట్టే. బావ మార్పులు లేని ఆ పాత ప్రోగ్రాముతో నేను గీసిచ్చిన గ్రాఫు చూసి, మగ్గానికి నమూనా అందించే చిల్లుల అట్టలు కొట్టించి, జానెడు నేశాక చూస్తే, చీర నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట కోటకొమ్మల నమూనా వంకరపోయింది. ఆయన పోగు పోగు విప్పుతూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది అనిపించింది. చివరికి నేనే ఉన్నదంతా ఒప్పుకుంటే, తలెత్తి అడిగాడు.

"మనింట్ల మూడు మగ్గాలున్నయి బిడ్డా, గోడకు గ్రాఫు ఒక్కటే ఉంటది. మార్చాల్నంటే దాన్నే మారుస్తం, అందరం దాన్నే చూస్తం. మరి నువ్వేంది, తెరకొక పట్టీ పెట్టుకున్నవ్?"

బావ నన్ను నెల రోజులు ఆటపట్టించాడు గానీ, పట్టీని విడి ఫైలుగా పెట్టి రెండు తెరలూ దాన్నే చదివేలా రాసింది మాత్రం ముగ్గురమూ కూర్చునే. పూర్తయ్యాక పెదనాన్న మా సెంటరుకు వచ్చి, ఒక తెరలో పట్టీలోని పేరు మార్పించి, రెండో తెర తెరిపించి తన కళ్లతో చూసుకున్నాడు. "ఇగ గ్రాఫియ్యి, అట్టలు కొట్టిస్త" అన్నాడు. సెంటరని కూడా చూడకుండా ఏడ్చేశాను.

ఆ చీర కోటకొమ్మలు సూటిగా నిలబడి మగ్గం దిగింది, మరుసటి నెలలో ఇంకో ఇద్దరు నేతగాళ్లు గ్రాఫు అడిగారు. ఇప్పుడు పట్టీలు వాటంతటవే సర్దుకుంటున్నాయి, మేనకోడలికి నేను పడ్డ పరేషానీ ఉండదు, అందుకు సంతోషమే. కానీ ఈ కాలంలో ఏ యాప్ అయినా ఒక్కసారి తప్పు చేస్తే చాలు, దాన్ని తీసేసి ఇంకొకటి పెట్టుకుంటారు. ఆయన మాత్రం జానెడు పట్టు విప్పుకుని, అదే మగ్గాన్ని మళ్లీ నా చేతికే ఇచ్చాడు.