మైనం అంటిన పుట

సగాయమేరి ఇంట్లో చదువు అయ్యాకే కూడు. తమిళనాడులో కడత్తూరు దగ్గర ఆ వీధిలో ఉన్నవి ఇరవై ఇళ్ళు. అందరూ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే క్యాథలిక్‌లే. సాయంత్రం జపమాల చెప్పుకోవడం ప్రతి ఇంట్లోనూ ఉంది. జపమాలను కొక్కేనికి తగిలించాక ఒక పుట పైకి చదవడం మాత్రం ఈ ఒక్క ఇంట్లోనే. ఒకరోజు పునీతుల చరిత్ర, ఒకరోజు గ్రంథాలయం నుంచి తెచ్చిన తమిళ నవల. ఏదీ లేనినాడు బెల్లం చుట్టిన కాగితమైనా సరే.

"సంగటి సల్లారిపోతాది, మేరీ," అనేవాడు భర్త అంతోని. "ఆ కాగితంలో పై సగమే ఉండాది. కింద సగం ఎవురింటికి పోయిందో. దానికింత చదువా?"

"కింద సగం అంగట్లో ఉండాది. రేపు ఇంకో అరకిలో బెల్లం తెస్తాను, తెలుస్తాది."

ఆమె చదివింది తమిళంలో ఐదో తరగతి. పెళ్ళయ్యాక ఆరేళ్ళు బెంగళూరులో, అంతోని గోడలు కడుతుంటే తను ఇసుక మోసింది. ఆ ఆరేళ్ళలో బస్సుల బోర్డులు చూసి చూసి కన్నడం చదవడం నేర్చుకుంది. తోటి పనివాళ్ళు ఏ బస్సు ఎక్కాలో తెలియక నిలబడితే అంతోని వాళ్ళను భార్య దగ్గరికి పంపేవాడు. "మా ఇంటామెను అడగండి" అనేటప్పుడు అతని గొంతు కొంచెం పెద్దదయ్యేది.

కానీ వీధికంతా చదువరి ఆమె కాదు, ఆమె అత్త రాయమ్మాళ్. ఏసుప్రభువు సిలువ మీద చనిపోయిన పెద్ద శుక్రవారం నాడు, కోవెలలో తమిళ ప్రార్థన ముగిశాక, వీధి మొత్తం రాయమ్మాళ్ వాకిట్లో చేరేది. ఆమె ఒక పాత నోటుపుస్తకం ఒడిలో పెట్టుకుని 'తల్లిశోకం' చదివేది. కొడుకు కోసం మరియమ్మ ఏడ్చిన ఏడుపు అది, తెలుగులో. ఎవరో పూర్వీకుడు చేత్తో రాసి పెట్టినది. చివర అందరికీ తలా గ్లాసు రాగి గంజి. దానితో ఆనాటి ఉపవాసం తీరుతుంది. గంజే ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. తెలుగు అక్షరాలు వచ్చిన మనిషి వీధిలో మరొకరు లేరు కనుక, పెళ్ళిళ్ళలో మొదటి విస్తరి రాయమ్మాళ్‌ది. ముప్పై ఏడేళ్ళుగా అంతే.

ఈ ఏడు ఆమె గొంతు పోయింది. నాలుగు మాటలకే దగ్గు. పెద్ద శుక్రవారానికి ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే వారంలో ఆమె నోటుపుస్తకం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఇంకమీద నువ్వు చదువు. నీకు కన్నడం వచ్చును గదా. రెండూ అక్కసెల్లెండ్లే."

నిజంగానే అక్కచెల్లెళ్ళు. అక్షరాల తలకట్లు వేరు, ఒళ్ళు చాలావరకు ఒకటే. లొంగని అక్షరాలను కూతురు పునిత ఫోనులో వెతికి చూపింది. మూడు వారాల్లో సగాయమేరి ఆగకుండా చదవగలిగింది. ఒక్కచోట తప్ప. అక్కడ పుట చివరి వాక్యం "తల్లి ఇంటికి పోయి" అని సగంలో ఆగిపోయింది. తరువాతి పుటలో వాక్యం ఇంకెక్కడిదో. ఆకు పట్టుకుని చూస్తే మందంగా తగిలింది. రెండు ఆకులు కొవ్వొత్తి మైనంతో అతుక్కుపోయి ఉన్నాయి.

ఆమె పుస్తకం మీద పలుచని గుడ్డ కప్పి ఎండలో పెట్టింది.

"ఏమే, నా పుస్తకాన్ని వడియాలట్ల ఎండబెట్టినావు?" అంది రాయమ్మాళ్ వాకిట్లోకి వస్తూ.

"మైనం, అత్తా. విడిపోతా ఉండాది, చూడండి." ఆకులు మెల్లగా తెరుచుకున్నాయి. ఒక వైపు సిలువ బొమ్మ. ఎదురుగా పుట నిండా రాత. "ఇక్కడొక పుట ఉండాది. మనం ఎప్పుడూ విననిది."

"ఏమీ లేదు. నేనెరగనా?"

సగాయమేరి ఆకు వెనక్కి తిప్పింది. చదివే మనిషి ముప్పై ఏడేళ్ళలో ఒక్కసారైనా ఆ సగం వాక్యం దగ్గర తడబడి ఉండాలి. అత్త ఎన్నడూ తడబడలేదు. రాయమ్మాళ్ బొటనవేలు మైనపు మరక మీద అటూ ఇటూ తిరిగింది.

"మా అత్త చెప్పినట్టు నేను చెప్పినాను," అంది చివరికి. "శుక్రవారం నువ్వు ఈ పుట చదివితే వీధి ఏమనుకుంటాది? ముసల్ది ఇన్నేండ్లు పుస్తకం పట్టుకోని యేసం ఏసిందనరా?"

ఆ రోజు ఆమె సంగటి ముట్టలేదు.

"ఆ పుట వదిలెయ్యి," అన్నాడు అంతోని. "అది లేక ఇన్నాళ్ళు ఎవురు సచ్చిపోయినారు?"

సగం కాగితం కోసం అంగడిదాకా పోయే మనిషి సగాయమేరి. రాసి ఉన్న పుటను దాటిపోవడం చేతకాదు. అత్త తల వంచుకుని వీధిలో నడవడం చూడటమూ చేతకాదు.

మరునాడు సాయంత్రం జపమాల అయ్యాక ఆమె నవల తీయలేదు. నోటుపుస్తకం తీసి ఆ ఒక్క పుట చదివింది. "నోరు తిరగలేదు," అని ఇంకోసారి చదివింది. ఆ మరునాడూ అదే పుట. నాలుగో రోజుకు అంతోని గొణిగాడు: "ఇంట్లో ఇంకో కత లేదా?" రాయమ్మాళ్ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేది, కదిలేది కాదు. ఆరో రోజు పగలంతా ఇటుకలు మోసి వచ్చిన సగాయమేరి ఒక వరుసలో మాట జారవిడిచింది.

"చెంబు అనేది వదిలినావు," అంది చాప మీది గొంతు.

సగాయమేరి తల ఇంకొంచెం వంచుకుని, ఆ వరుస మళ్ళీ చదివింది, చెంబుతో సహా.

పెద్ద శుక్రవారం వాకిలి నిండింది. గంజి కుండ వెనకాల మూతపెట్టి ఉంది. సగాయమేరి అత్త పక్కనే కూర్చుని, అత్త లాగే ప్రతి వరుస చివర సాగదీస్తూ చదివింది. మైనం అంటిన పుట రాగానే ఆగింది. పుస్తకాన్ని అత్త ఒడిలోకి జరిపింది.

"ఈ పుట మీరు, అత్తా."

రాయమ్మాళ్ కోడలి ముఖం చూసింది. వేలు అక్కడే ఉంచి పుస్తకం మూసింది. జనాన్ని చూస్తూ, గీరుకుపోయిన గొంతుతో మొదలుపెట్టింది.

"తల్లి ఇంటికి పోయి చూసె. పొయ్యి ఆరిపోయి ఉండె. ఇరుగుపొరుగు ఆడవాండ్లు చెంబుతో గంజి తెచ్చిరి. తాగు తల్లీ అనిరి. నీ కొడుకు మాకూ కొడుకే అనిరి..."

పుట మొత్తం, దగ్గు వచ్చినచోట ఆగుతూ, ఒక్క మాటా పోకుండా. ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి గంజి కుండ వైపు చూసింది. ఆమెను చూసి మరొకామె.

"రాయమ్మక్కా," అంది ఎదురింటి చిన్నత్తాయి. ఆమె నోటికి వీధంతా జంకుతుంది. "ఈ పుట ఇన్నేండ్లు యాడ దాచినావు?"

సగాయమేరి నోరు తెరవబోయింది. రాయమ్మాళ్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"నేను దాచలేదు, మైనం దాచింది. నాకు అక్షరాలు రావు, చిన్నత్తాయీ. మా అత్త నోట విన్నది మీకు చెప్పినాను. ఇప్పుడు నా కోడలి నోట విన్నది చెప్పినాను. చదవను వచ్చింది ఈమెకే. ఇసుక మోసుకుంటా నేర్చింది."

చిన్నత్తాయి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"అంటే ఇంత శోకమూ చెవులతోనే పట్టినావా? మా ఇంట్లో పొద్దున చెప్పిన మాట సందకాడికి ఎవురికీ గుర్తుండదే!"

ముందు ఆడవాళ్ళు నవ్వారు, తరువాత మగవాళ్ళు. రాయమ్మాళ్ నడుము నిటారుగా పెట్టి కూర్చుంది, పెళ్ళిలో మొదటి విస్తరి ముందు కూర్చున్నట్టే. ఎవరో లేచి గ్లాసులు సర్దబోయారు. పుస్తకంలో ఇంకా మూడు పుటలున్నాయి.

"గంజి సల్లారిపోతాది, మేరీ," అన్నాడు అంతోని అలవాటు కొద్దీ.

"సల్లారనీరా," అంది రాయమ్మాళ్, పుస్తకం కోడలి చేతిలో పెడుతూ. "చదువు, మేరీ. ఏదీ వదలద్దు."