ల్యాబ్ సార్ మూడో పరుగు

ల్యాబ్ సార్ పోయారని ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి చెప్పారు. మంగళవారం పొద్దున చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్లి తోటకూర, ఒక సొరకాయ తీసుకుని, అశోక్‌నగర్‌లో తమ ఇంటి మెట్లెక్కుతూ రెండో అంతస్తు మలుపు దగ్గర కూర్చున్నారట. ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్ట్ లేదు. పైనుంచి ఆంటీ "వచ్చినవా" అని అడిగితే జవాబు రాలేదు.

ఇలాంటి నివాళుల్లో పోయినవారిని మితభాషి అనీ, అజాతశత్రువు అనీ రాయడం ఆనవాయితీ. సార్ మితభాషి కాదు. శత్రువులంటారా, నారాయణగూడలో ల్యాప్‌టాప్‌లు అమ్మేవాళ్లలో సగం మంది ఉన్నారు. ఆయన రోడ్డు దాటుతుండగా చూసి, పగలు పన్నెండింటికి షట్టర్ సగం దించిన దుకాణం ఒకటి నాకు తెలుసు.

మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవారు. పాఠం చెప్పడం ఆయన ఉద్యోగంలో లేదు. నాలుగేళ్లలో నాకు గుర్తున్న పాఠం మాత్రం ఆయన చెప్పిందొక్కటే. కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకున్న ప్రతి పిల్లవాడూ ముందు ఆయన దగ్గరికి వెళ్లేవాడు, సంబంధం ఖాయం చేసుకునే ముందు జాతకాలు పట్టుకెళ్లినట్టు. ఇది చదువుతున్న మీలో కూడా కొందరు వెళ్లే ఉంటారు. మీకు ఆ దుప్పటి గుర్తుండాలి.

నా వంతు 2010లో వచ్చింది. మా నాన్న ఒప్పుకున్న మరుసటి రోజే దుకాణంలో పల్చటి, వెండిలా మెరిసే ల్యాప్‌టాప్ ఒకటి చూసి మనసిచ్చేశాను. అమ్మే అతను దాని మీద బెంచ్‌మార్కు నడిపించాడు. అంటే ప్రాసెసర్ ఎంత వేగంగా పనిచేస్తుందో కొలిచి మార్కులు వేసే పరీక్ష. పక్కనున్న లావుపాటి నల్లదాని కంటే దీనికి చాలా ఎక్కువ వచ్చాయి.

"చూడన్నా, దీని ముందట అది బచ్చా," అన్నాడతను.

నాతో వచ్చిన సార్ తన చేతిసంచిలోంచి గోధుమరంగు దుప్పటి తీసి, నాలుగు మడతలు వేసి కౌంటర్ మీద పరిచారు.

"దుప్పటెందుకు సార్? పండుకుంటరా?" అని నవ్వాడు అమ్మే అతను.

"నేను కాదు, నీ ల్యాప్‌టాప్ పండుకుంటది. హాస్టల్ పిల్లగాండ్లకు టేబుల్ ఏడుంటది? మంచం మీదనే కదా నడవాలె."

రెండింటినీ దుప్పటి మీద పక్కపక్కన పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చారు. అందులో గంటన్నర పెళ్లి వీడియో ఉంది. దాన్ని చిన్న ఫైలుగా మార్చమని రెండింటికీ పని అప్పజెప్పారు. ఎవరు ముందు ముగిస్తే వాళ్ల ప్రాసెసర్ గట్టిది. ఒకసారి కాదు, వెంటవెంటనే మూడుసార్లు. మొదటి పరుగులో వెండిది చాలా ముందు నెగ్గింది. రెండోదానికి దాని కింద దుప్పటి వేడెక్కి, ఫ్యాన్ ఈల వేసింది. మూడోదానికి నల్లది ఎప్పటి వేగంతోనే పని ముగించింది. వెండిది సగం పెళ్లి దగ్గరే ఆయాసపడుతోంది.

"మొదటి పరుగు సుట్టాలొచ్చినప్పుడు ఇల్లు లెక్క," అన్నారు సార్. "ఎవరింట్లనైనా సాఫ్‌గనే ఉంటది. మూడోది చూడాలె బిడ్డా."

"పెళ్లి ఎవరిది సార్?"

"నాదే. కాసెట్ నుంచి ఎక్కించిన. నా అంత ఎక్కువసార్లు పెళ్లి చేసుకున్నోడు హైదరాబాద్‌ల లేడు."

నల్లదే కొన్నాను. ఈ నివాళి కూడా దాని మీదే టైపు చేస్తున్నాను.

చదువయ్యాక ఉద్యోగ పరీక్షల కోసం అశోక్‌నగర్‌లోనే గది కిరాయికి తీసుకున్నాను. ఆదివారం పొద్దున్నే సార్ ఇంటికి వెళ్లడం అలవాటైంది. అప్పటికి ఆయన దగ్గరికి ల్యాప్‌టాప్‌లే నడిచి వచ్చేవి. నా పని రిజిస్టరులో రాయడం. మోడల్, మొదటి పరుగు, రెండో పరుగు, మూడో పరుగు, చివర అభిప్రాయం. అభిప్రాయం గడి నాకు వదిలేశారు. 'చూడ్డానికి పెళ్లికొడుకు, నడిస్తే పెళ్లిపెద్ద' లాంటివి రాస్తే చదివి నవ్వేవారు. ఎవరైనా దుకాణంలో చెప్పిన స్కోరే రాయమంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "సల్లగున్నప్పటి నంబరు చెప్తే అబద్ధం కాదు గని, మోసమే," అనేవారు.

2013 ఎండాకాలంలో ఒక ఆదివారం, నేను వెళ్లేసరికి కింద గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "మెట్లెక్కితే ఈ మధ్య జర ఆయాసమైతుందిరా," అన్నారు.

అప్పుడు నేనేం చేయాలో మీకందరికీ తెలుసు. నేను చేసింది వేరు. "అయితే బెంచ్‌మార్కు పెడదాం సార్," అన్నాను.

ఆయనకు అది తెగ నచ్చింది. పైకెళ్లి రిజిస్టరు తెచ్చాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మొదటిసారి మూడంతస్తులూ యాభై సెకన్లలో ఎక్కారు. దిగి, రెండోసారి ఎక్కడానికి నిమిషంన్నర పట్టింది. మూడోసారి రెండో అంతస్తు మలుపు దగ్గర గోడ పట్టుకుని కూర్చున్నారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేను ఆయన పక్కనే కూర్చుని, నవ్వుకుంటూ రాశాను. మోడల్: ల్యాబ్ సార్. మూడో పరుగు: మలుపు దగ్గర కూర్చున్నారు. అభిప్రాయం: వేడికి స్లో.

చదివి ఆయనా నవ్వారు. నవ్వడానికి ఊపిరి సరిపోలేదు. "ఫ్యాన్ మార్చాలెరా," అన్నారు. గోడ పట్టుకుని లేస్తూ, "మీ ఆంటీకి మొదటి నంబరే చెప్పు. లేకుంటే ఇల్లు పీకి పందిరేస్తది," అన్నారు.

పైన తలుపు దగ్గరే ఉన్నారు ఆంటీ. "ఏందిరా మెట్ల మీద ఆటలు? ఎట్ల ఎక్కిండు?"

"యాభై సెకన్లు ఆంటీ. మా క్లాసోళ్లు కూడా గట్ల ఎక్కలేరు."

ఆమె ముఖం తేలికపడింది. "సోమవారం గుండె డాక్టర్ దగ్గరికి గుంజుకపోదామనుకున్న. రాడు, కొట్లాడుతడు. మంచిగనే ఎక్కిండంటవా?"

"మంచిగనే."

"అయితే తీయ్, తర్వాత చూద్దాం," అని నాకు ఉప్మా పెట్టారు. తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఆ తర్వాత ఆరు ఆదివారాలు గడిచాయి. డాక్టర్ మాట ఎవరమూ ఎత్తలేదు.

సార్ పోయిన పదకొండో రోజు అయ్యాక వెళ్లాను. మెట్ల మలుపు దగ్గర ఆగకుండా ఎక్కాలనుకున్నాను, ఆగాను. లోపల ఆంటీ రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పేజీలో వేలు పెట్టి ఉంచారు.

"ఇది నీ అక్షరమే కదా?"

"అవునాంటీ."

"మూడోసారి కూర్చున్నడని రాసినవ్."

"అవును."

"నాకు మొదటిదే చెప్పినవ్."

సారే చెప్పమన్నారని నోటిదాకా వచ్చింది. అది నిజమే. తప్పును పోయినవాళ్ల మీద నెట్టడానికి నిజం కూడా సరిపోదు. "మూడోది చెప్పాల్సింది ఆంటీ," అన్నాను. ఏ సందర్భానికైనా ఒక జోకు నా దగ్గర ఉంటుందని కాలేజీలో పేరు. ఆ రోజు ఒక్కటీ లేదు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. రిజిస్టరు మూసి, పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆ పెళ్లి ఒకసారి పెట్టు. ఇన్నేండ్లు నిమిషాలే లెక్కబెట్టిండు గని, కూసొని చూద్దామంటే ఒక్కనాడు చూడలే."

నేనూ చూడలేదు. ఎన్నిసార్లు నడిపామో ఆ వీడియోని, బొమ్మ ఎన్నడూ తెరిచింది లేదు. నా నల్ల ల్యాప్‌టాప్‌ను ఆ గోధుమరంగు దుప్పటి మీదే పెట్టాను.

కాచిగూడలో ఏదో ఫంక్షన్ హాలు. రంగులు వెలిసిపోయాయి. కారు దిగిన పెళ్లికొడుకు సన్నగా, మీసాలతో, ముహూర్తం దాటిపోతుందన్నట్టు తొందరలో ఉన్నాడు. పంచె కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, నుదుట బాసికం ఊగుతుండగా, హాలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. వెనక గొడుగు పట్టినతను అందుకోలేక కిందే ఉండిపోయాడు. పైకెళ్లి వెనక్కి తిరిగి నవ్వాడు. కొంచెం కూడా ఆయాసం లేదు.

"మళ్లొకసారి పెట్టు," అన్నారు ఆంటీ.

పెట్టాను. తర్వాత ఇంకోసారి అడిగారు. దుప్పటి వేడెక్కింది, ఫ్యాన్ మోగుతోంది. మూడోసారి కూడా ఆయన అంతే వేగంగా ఎక్కారు.