సూరిబాబు అమ్మిన తాత

రాయపూర్ రైల్వే కాలనీలో అతన్ని బొమ్మల సూరిబాబు అనేవారు. జమీందారీలు రద్దయిన ఏడాది చుట్టుపక్కల దివాణాల్లో పాత సామాను అమ్మకానికి వస్తే, జనమంతా మంచాలకీ గడియారాలకీ ఎగబడ్డారు. సూరిబాబు మాత్రం గోడల మీది నూనెరంగుల పటాలు కొన్నాడు. ఊళ్ళో కొత్తగా డబ్బు చేసినవాళ్ళకి మేడలున్నాయి, మోటార్లున్నాయి. లేనిదల్లా గోడకి వేలాడదీసుకోదగ్గ తాత. ఆ లోటు తీర్చడం పుణ్యకార్యమని అతని నమ్మకం.

ఒక దివాణంలో ఒకే జమీందారు పటాలు రెండు దొరికాయి. అదే తలపాగా, అదే మీసం, అదే కత్తి. ఒకటి రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల కాంట్రాక్టరు భీమారావుకీ, రెండోది గోల్‌బజార్ బట్టల వ్యాపారి వెంకటస్వామికీ అంటగట్టాడు. వాళ్ళిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు కనక నిశ్చింతగా ఉన్నాడు.

కొన్నాళ్ళకి వెంకటస్వామి కొడుక్కి భీమారావు కూతురు నచ్చింది. తాంబూలాలు పుచ్చుకోవడానికి మగపెళ్ళివారు భీమారావు ఇంటికి వచ్చారు. పెద్దమనిషి హోదాలో వచ్చిన సూరిబాబు బూరె కొరకబోతుండగా, వెంకటస్వామి గోడవైపు చూసి నిలబడిపోయాడు.

“అరే, మా తాత మీ ఇంట్లో ఏటి చేస్తున్నాడు?”

“మీ తాతేటి? ఆయన మా తాత!” అన్నాడు భీమారావు.

ఒకే తాతకి మనవలైతే వాళ్ళిద్దరూ అన్నదమ్ములు, పిల్లలు అన్నాచెల్లెళ్ళు. ఇక పెళ్ళి మాట ఎత్తకూడదు. పటం కొన్నామని చెబితే చిక్కు విడిపోతుంది. కానీ ఆ మాట అనడానికి ఇద్దరిలో ఒక్కరికీ నోరు రాలేదు. ఇద్దరూ సూరిబాబుని నమిలి మింగేసేలా చూశారు. బూరె అతని గొంతుకి అడ్డం పడింది.

నీళ్ళు తాగి లేచాడు. “ఇందులో గాబరా ఏటుంది బాబూ? వెంకటస్వామిగారికి ఆయన నాన్నకి నాన్న. భీమారావుగారికి అమ్మకి నాన్న. అంటే మీరు బావా బావమరుదులు. పిల్లలకి మేనరికం వరసే! ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుద్ది?”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు, భీమారావు తప్ప. అతని తల్లి అప్పలనరసమ్మ ఓ మూలన పీట మీద కూర్చుని ఉంది. ఆమె తండ్రి రైలు కట్టకి మట్టి మోసినవాడు. ఆ సంగతి దాచాలని ఆమెకెవరూ చెప్పలేదు.

“ఏమ్మా, ఈయన మీ అయ్యేనా?” అని మగపెళ్ళివారిలో ఒక ముసలాయన అడిగాడు.

సూరిబాబు చూపు గుమ్మం దగ్గరి తన చెప్పుల మీదికి పోయింది. ముసలమ్మ లేచి వచ్చి పటాన్ని తేరిపార చూసింది. తర్వాత తల వంచుకున్న మనవరాలిని చూసింది.

“మా అయ్య ఒంటిమీద సొక్కా నేనెప్పుడూ సూడనేదు నాయనా. తొడిగితే ఇలాగే ఉండేవోడేమో,” అంది.

అది జమీందారుగారి నిరాడంబరత కాబోలనుకుని మగపెళ్ళివారు చేతులు జోడించారు. తాంబూలాలు మారాయి.

పెళ్ళయ్యాక అప్పలనరసమ్మ పొద్దున్నే ఆ పటం ముందు గిన్నెడు గంజి పెట్టి, “తాగెల్లు అయ్యా” అనేది. ఒకసారి అది చూశాక సూరిబాబుకి ఆ ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. వ్యాపారం మాత్రం తగ్గలేదు. అంతవరకూ ఒక్క తాతతో సరిపెట్టుకున్నవాళ్ళంతా అమ్మ తరఫు తాత కూడా కావాలని కబురు పెట్టసాగారు.